చేతి గడియారం పట్టీ ఇంట్లోనే మార్చుకునే ముందు

పట్టీని గడియారానికి పట్టి ఉంచే సన్నని స్ప్రింగు పిన్ను రెండు కొనలూ గడియారం రంధ్రాల్లో పూర్తిగా కూర్చున్నాయో లేదో, చేతికి పెట్టుకునే ముందే పట్టీని రెండువైపులా గట్టిగా లాగి చూడాలి; ఒక కొన అంచు మీదే ఆగిపోయినా పైకి సరిగానే కనిపిస్తుంది, నడుస్తుండగా గడియారం జారి నేలపాలవుతుంది. టిక్కుమన్న చప్పుడును మాత్రమే నమ్మడం నా దృష్టిలో చాలదు.

పట్టీ కొనేముందు గడియారం కొమ్ముల (పట్టీ తగిలించడానికి ముందుకు పొడుచుకొచ్చిన భాగాల) మధ్య లోపలి ఖాళీని మిల్లీమీటర్లలో కొలవాలి. 19కి, 20కి తేడా కంటికి తెలియదు గానీ, వెడల్పైనది ఇరుక్కుని నలుగుతుంది, సన్ననిది పక్కలకు కదులుతుంది.

కొమ్ముల లోపలి వైపున టేపు అంటించాలి, ఎందుకంటే పిన్ను తీసే పనిముట్టు జారిన ఒక్క క్షణంలో పడిన గీత మళ్లీ పోదు. చాకు మొన వాడనే వాడవద్దు.

గడియారాన్ని మెత్తటి గుడ్డపై బోర్లించి, పిన్ను కొన పక్కనున్న సన్నని గాడిలో పనిముట్టును ఆనించి లోపలికి నొక్కేటప్పుడు, రెండో చేతి వేలిని పిన్ను మీద ఉంచాలి; లోపలి స్ప్రింగు దాన్ని ఎగరగొడితే వెతకడమే పెద్ద పనవుతుంది.

వంగిన, తుప్పు పట్టిన పిన్నులను మళ్లీ వాడవద్దు.

బకిల్ ఉన్న ముక్క సాధారణంగా 12 అంకె వైపు వస్తుంది.