పాత ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోటు: అడుగున బొబ్బలు, డెక్కులో పుచ్చు

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని చెన్నై హార్బర్‌లో సెయిల్‌బోటు చూడబోయేవాళ్లు అడుగున బొబ్బలు కనబడగానే బెదిరిపోతారు. జేబుకు చిల్లు పెట్టేది చాలాసార్లు అవి కావు, డెక్కు.

సమస్య: నీటి మట్టం కింద బొబ్బలు.
కారణం: నీరు జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పైపూత) గుండా మెల్లగా ఇంకి, ఫైబర్‌ను పట్టి ఉంచే రెసిన్‌లో మిగిలిన రసాయనాలతో కలిసి లోపల ఒత్తిడి పెంచుతుంది. వెచ్చటి నీళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, మన బంగాళాఖాతం ఎలాగూ వెచ్చనే. కళ్లకు గాగుల్స్ పెట్టుకుని ఒకదాన్ని పొడవండి. జిడ్డుగా, వెనిగర్ వాసనతో ద్రవం చిమ్మితే ఇలా నీరు ఇంకిన బొబ్బే, దీన్నే ఆస్మాసిస్ అంటారు. పొడిగా పెచ్చు ఊడితే ఉత్త పెయింటు లోపం.
పరిష్కారం: నాలుగైదే ఉంటే గ్రైండ్ చేసి, మంచినీళ్లతో పలుమార్లు కడిగి, బాగా ఆరాక ఎపాక్సీతో (గట్టిగా పట్టే జిగురు రెసిన్) పూడ్చండి. ఆరడమే అసలు పని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పెట్టుకుంటే రెసిన్ దండగ. అడుగంతా బొబ్బలైతే జెల్‌కోట్ మొత్తం చెక్కించాలి. అప్పుడు బేరం మానుకోవడమే నయం.

సమస్య: డెక్కు మీద నడిస్తే కాలి కింద మెత్తగా దిగుతుంది, కేబిన్‌లో బోల్టుల దగ్గర గోధుమరంగు నీటి చార.
కారణం: చాలా పాత బోట్ల డెక్కులో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్క ఉంటుంది, దాన్నే కోర్ అంటారు. రెయిలింగు కాళ్ల బోల్టుల దగ్గర సీలెంట్ ఎండిపోయి, నీళ్లు దిగి చెక్క పుచ్చిపోతుంది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ వెళ్లండి. బాగున్నచోట టక్కుమని ఖంగున పలుకుతుంది, పుచ్చినచోట తడి గోనెసంచిని కొట్టినట్టు మొద్దుగా. చాక్‌పీసుతో హద్దు గీయండి. ఆ హద్దు లోపలి చోటు ఎంత పెద్దదైతే అంత బేరమాడండి.
పరిష్కారం: పై పొర కోసి, కుళ్లింది తవ్వి, కొత్త కోర్ అంటించి మూయాలి. రంధ్రాల్లోంచి ఎపాక్సీ ఎక్కిస్తే చాలనేవాళ్లను నమ్మకండి, తడి చెక్కకు అది పట్టదు. చెన్నై చేపల రేవు కాసిమేడులోని మేస్త్రీలకు ఫైబర్ మ్యాట్, రెసిన్ పని చేతిలో పనే. అయితే కోర్ ఉన్న డెక్కు ముందు చేశారో లేదో అడిగి అప్పగించండి.

సమస్య: కీల్ (బోటు అడుగున బోల్టులతో బిగించిన బరువైన రెక్క) అతుకు దగ్గర పగులు.
కారణం, పరిష్కారం: వెంట్రుకవాసి గీత చాలామటుకు అతుకులో పూసిన ఫిల్లర్‌దే. తుప్పు కారుతుంటే, పూడ్చాక మళ్లీ విచ్చుకుంటే మాత్రం బోట్ ఎత్తించి కీల్ దించి బోల్టులు చూడాల్సిందే. క్రేన్ ఖర్చు అదనం.

అడుగున నీటి వాల్వులు ఇత్తడివై గులాబీరంగు తిరిగితే ఇత్తడిలోని జింకు పోయి బలహీనపడ్డాయన్నమాట, మార్చేయండి.

ఏటా కొన్న ధరలో పది శాతం మెయింటెనెన్స్ అనే లెక్క చవక పడవకు చెల్లదు. తెరచాపలు, అడుగు పెయింటు, పది పదిహేనేళ్లకోసారి మార్చే మాస్టు (తెరచాప స్తంభం) వైర్లు బోటు పొడవును బట్టి ఖర్చవుతాయి, మీరు ఎంతకు కొన్నారన్నది వాటికి అనవసరం.