విమానం నడపడం నేర్చుకుందాం – 7వ పాఠం: స్టీప్ టర్న్

పోయిన పాఠంలో 30 డిగ్రీల బ్యాంకుతో, అంటే రెక్కలను అంత పక్కకు వాల్చి, మలుపు తిరిగాం. ఈసారి 45, అదే స్టీప్ టర్న్. పెరిగింది పదిహేను డిగ్రీలే అయినా విమానం తీరు బాగా మారిపోతుంది.

రెక్కలు వాలితే లిఫ్ట్ (విమానాన్ని పైకి మోసే బలం) కూడా వాలుతుంది. అందులో కొంత మలుపు తిప్పడానికి పోతుంది, మిగిలినదే బరువు మోయాలి. ఎత్తు తగ్గకూడదంటే యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగి లిఫ్ట్ పెంచుకోవాలి. ఎత్తు మారకుండా తిరిగేటప్పుడు లోడ్ ఫ్యాక్టర్ (రెక్కలు మోసే భారం విమానం బరువుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 30 డిగ్రీల దగ్గర 1.15, 45 దగ్గర 1.41, 60 దగ్గర 2. అంటే 60 డిగ్రీల బ్యాంకులో 70 కిలోల మనిషి 140 కిలోలున్నట్టు సీటుకు అతుక్కుపోతాడు. స్టాల్ వేగం, అంటే రెక్కలు ఇక లిఫ్ట్ సరిపడా ఇవ్వలేని వేగం, లోడ్ ఫ్యాక్టర్ వర్గమూలం లెక్కన పెరుగుతుంది. మామూలుగా 50 నాట్ల (గంటకు సుమారు 93 కి.మీ.) దగ్గర స్టాల్ అయ్యే విమానం 45 డిగ్రీల్లో దాదాపు 60 దగ్గరే స్టాల్ అవుతుంది.

అమెరికా పైలట్ పరీక్షల్లో ఈ మలుపును నేలకు కనీసం 1500 అడుగుల పైన చేయాలంటారు. నేర్చుకునే రోజుల్లో 3000 ఉంటేనే నాకు నిశ్చింత. ముందు బెల్టులు, విడి వస్తువులు చూసుకుని, రెండు వైపులా క్లియరింగ్ టర్న్ (చుట్టూ చూసుకోవడానికి వేసే మలుపు) తిరిగి చుట్టూ విమానాలేవీ లేవని నిర్ధారించుకోండి. సెస్నా 172లో సాధారణంగా 95 నాట్ల దగ్గర మొదలుపెడతారు. మనూవరింగ్ స్పీడ్ (ఒక కంట్రోల్‌ను ఒక్కసారి పూర్తిగా లాగినా విమానం దెబ్బతినని గరిష్ఠ వేగం) మాత్రం దాటకూడదు. బరువు తగ్గితే ఆ వేగం కూడా తగ్గుతుందని చాలామంది మర్చిపోతారు. 172ఎస్‌లో 2550 పౌండ్ల బరువుకు అది 105 నాట్లు, 1900 పౌండ్లకు 90 మాత్రమే. మీ విమానం హ్యాండ్‌బుక్ చూసుకోండి.

దూరంగా ఒక కొండో, ట్యాంకో గుర్తు పెట్టుకుని బ్యాంక్ మొదలుపెట్టండి. 30 దాటుతుండగా యోక్ కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ పవర్ 100 నుంచి 200 ఆర్‌పీఎం పెంచండి. ఇక్కడి నుంచి విమానం తనంతట తానే ఇంకా వాలాలని చూస్తుంది, ఎందుకంటే బయటి రెక్క లోపలి దానికంటే వేగంగా పోతుంది. ఐలరాన్‌ను (రెక్కల చివర ఉండే, విమానాన్ని పక్కకు వాల్చే పలకను) మలుపుకు కాస్త ఎదురుగా పట్టి ఉంచాలి.

ఇప్పుడు కళ్ల సంగతి. మీరు కూర్చున్నది ఎడమ సీట్లో, విమానం మధ్యలో కాదు. ఎడమకు వాలితే మీరు కిందికి దిగుతారు, కాబట్టి ముక్కు మధ్యభాగం హొరైజన్ (నేల, ఆకాశం కలిసే గీత) మీద ఎత్తుగా కనిపిస్తుంది. కుడికి వాలితే కిందికి ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మినవాళ్లు ఎడమ మలుపులో ఎత్తు పోగొట్టుకుంటారు, కుడి మలుపులో పైకి ఎక్కేస్తారు. కౌలింగ్ (ముక్కు దగ్గర ఇంజిన్ మీది మూత) మధ్యభాగాన్ని వదిలేసి, మీ ముఖానికి నేరుగా ఎదురుగా ఉన్న చోటును గుర్తుగా పెట్టుకోండి. ఆ చోటు, హొరైజన్ కలిసే తీరు రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఎత్తు చూపే ఆల్టిమీటర్ మీద అప్పుడప్పుడూ ఓ చూపు చాలు. దాని ముల్లు వెంట పరిగెత్తేవాళ్లకు మలుపు నిలవదు.

ముక్కు దిగిపోయి, వేగం పెరుగుతూ, ఎత్తు పడిపోతుంటే చెయ్యి ఆత్రంగా యోక్ లాగాలని చూస్తుంది. లాగకండి. అంత బ్యాంకులో లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది, లోడ్ పెరుగుతుంది, స్పైరల్ డైవ్ (సుడి తిరుగుతూ కిందికి దూకడం) అవుతుంది. ముందు బ్యాంక్ తగ్గించాలి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలి. వేగం మరీ పెరిగితే పవర్ పూర్తిగా తీసేయండి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఈ వరుసనే గుర్తుంచుకోండి.

చుట్టు తిరిగి వస్తూ, మొదట పెట్టుకున్న కొండ గుర్తుకు 20 డిగ్రీల ముందే రెక్కలు సమం చేయడం మొదలుపెట్టండి. లాగి పట్టిన యోక్ వదులు చేస్తూ, పెంచిన పవర్ తగ్గించండి, లేకపోతే విమానం లేచిపోతుంది. 95 నాట్ల దగ్గర చుట్టు మొత్తం అర నిమిషంలో అయిపోతుంది. చివర్లో చిన్న కుదుపు తగిలితే సంతోషించండి: ఎత్తు తప్పకుండా తిరిగి వచ్చి మీ విమానం వదిలిన గాలి సుడినే మీరు దాటారు.

వచ్చే పాఠం లోపు మీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఎడమకు రెండు, కుడికి రెండు చుట్లు తిరగండి. ప్రతిసారీ మొదలుపెట్టిన ఎత్తు, ముగించిన ఎత్తు రాసుకోండి. 100 అడుగులకు మించి తేడా వస్తే అది ఏ వైపు మలుపులో వచ్చిందో కూడా రాయండి.