వెబ్‌సైట్ పాఠాలు – 6: పాత డొమైన్ కొంటే గూగుల్‌లో ముందుకు వస్తామా?

పోయిన పాఠంలో డొమైన్‌కీ (సైట్ పేరుకీ) హోస్టింగ్‌కీ (సైట్ ఫైళ్లు ఉండే చోటుకీ) తేడా చూశాం, పేరు ఎలా ఎంచుకోవాలో చూశాం. అది చదివి ఎర్రగుంట్ల నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న మీదే ఈ పాఠం నడుస్తుంది. వాళ్లది కడప బండల వ్యాపారం. పాలిష్ చేసిన నల్ల బండలు, వంటింటి గట్లకు, అల్మారా అరలకు కోసి ఇచ్చేవి. "అన్నా, పన్నెండేళ్ల పాత డొమైన్ ఒకటి ఇరవై ఐదు వేలకు ఇస్తామంటున్నారు, వయసున్న డొమైన్ అయితే గూగుల్ వెంటనే మొదటి పేజీలో పెడుతుందంట, కొత్తది తీసుకుంటే ఏళ్ల తరబడి ఎవరికీ కనపడమంట, కొనమంటారా?"

వద్దు, కొనొద్దు. ఆ ఇరవై ఐదు వేలతో మంచి ఫొటోలు తీయించుకోండి, బండల సైజులు, రేట్లు ఒక్కో పేజీలో వివరంగా రాయించుకోండి. అయితే నేను వద్దన్నానని ఆగిపోతే, రేపు ఇంకొకరు వచ్చి కొనమంటే మళ్లీ టెన్షన్ మొదలవుతుంది. అందుకని ఈ మాట ఎక్కడ పుట్టిందో, అందులో నిజమెంతో, ఒక డొమైన్ చరిత్రను మీరే ఎలా తవ్వి చూసుకోవాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

గూగుల్ 2003 చివర్లో ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టింది, అది 2005లో బయటికి వచ్చింది. ఒక పేజీ ఎప్పుడు పుట్టింది, దానికి లింకులు ఏ వేగంతో పెరిగాయి, డొమైన్‌ని ఎన్నేళ్లకు రిజిస్టర్ చేయించారు లాంటి కాలానికి సంబంధించిన సంగతుల్ని ర్యాంకింగ్‌లో ఎలా వాడుకోవచ్చో అందులో ఉంది. అసలైన సైట్లవాళ్లు డొమైన్‌కి చాలాసార్లు కొన్నేళ్ల డబ్బు ముందే కడతారని, మోసం కోసం పెట్టే సైట్లు ఏడాదికి మించి వాడటం అరుదని కూడా రాశారు. అది చదివినవాళ్లు "వయసుంటే ర్యాంకు" అని తేల్చేశారు, డొమైన్లు అమ్మేవాళ్లు దాన్ని పట్టుకుని "పదేళ్లకు ఒకేసారి కట్టండి, గూగుల్ నమ్ముతుంది" అని అమ్మడం మొదలుపెట్టారు. పేటెంటు అంటే ఇలా చేయడానికి వీలుంది అని హక్కు రాయించుకోవడం. అందులో ఉన్న ప్రతి మాటా ఈరోజు సెర్చ్‌లో అమలవుతున్నట్టు కాదు.

ఆ పేటెంటు రాసినవాళ్లలో, అప్పట్లో గూగుల్‌లో మోసపు సైట్లను అడ్డుకునే జట్టును నడిపిన మాట్ కట్స్ ఒకరు. ఆయనే 2010లో ఒక వీడియోలో, ఆరు నెలల డొమైన్‌కీ ఏడాది డొమైన్‌కీ మధ్య తేడా అంత పెద్దదేమీ కాదని చెప్పారు. 2019లో గూగుల్ తరఫున మాట్లాడే జాన్ మ్యూలర్ అయితే డొమైన్ వయసు దేనికీ పనికిరాదని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మరి 2024లో బయటపడిన గూగుల్ లోపలి డాక్యుమెంట్ల సంగతేమిటని కొంచెం లోతుగా చదివినవాళ్లు అడుగుతారు. నిజమే, వాటిలో 'హోస్ట్ ఏజ్' అని ఒక అంశం ఉంది. ఆ సైట్‌లోని పేజీల్లో దేన్నైనా గూగుల్ మొట్టమొదట ఎప్పుడు చూసిందో ఆ తేదీ అది. దాని పక్కనున్న వివరణ ప్రకారం, కొత్తగా పుట్టుకొచ్చే స్పామ్‌ని (ర్యాంకు కోసం పెట్టే చెత్త సైట్లని) కాసేపు అడ్డంగా ఆపిపెట్టడానికి వాడేది. పాత సైట్‌కి మార్కులు వేసే సంగతి అక్కడ లేదు. పైగా అది మీరు డొమైన్ కొన్న తేదీ కూడా కాదు, గూగుల్ కంటపడిన తేదీ.

ఇక్కడే చాలామంది తికమక పడతారు కాబట్టి నిదానంగా చూడండి. ఒక సైట్‌కి మూడు రకాల వయసులుంటాయి. మీరు డబ్బు కట్టి పేరు రిజిస్టర్ చేయించిన తేదీ మొదటిది. గూగుల్ క్రాలర్ (సైట్లను చదువుకుంటూ తిరిగే ప్రోగ్రామ్) ఆ సైట్‌లోకి తొలిసారి అడుగుపెట్టిన తేదీ రెండోది, ఇది మొదటిదానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు వెనకపడుతుంది, ఎందుకంటే పేరు కొని ఖాళీగా వదిలేసినవాళ్లు కోకొల్లలు. మూడోది ఒక్కో పేజీ వయసు. పన్నెండేళ్ల కింద కొని పదకొండేళ్లు ఖాళీగా ఉంచిన డొమైన్‌కి గూగుల్ దృష్టిలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అమ్మేవాళ్లు చూపించేది మొదటి తేదీ ఒక్కటే.

అయితే గూగుల్‌లో ఏం వెతికినా పైన పాత సైట్లే ఎందుకు కనిపిస్తున్నాయి? ఈ ప్రశ్న నిజంగా ఆలోచించాల్సిందే. ఏహెచ్‌రెఫ్స్ అనే సంస్థ 2017లో కొత్తగా వచ్చిన 20 లక్షల పేజీల మీద లెక్కలు తీసి, వాటిలో ఏడాదిలోపు మొదటి పది స్థానాల్లోకి చేరినవి 5.7 శాతమేనని చెప్పింది. ఆ అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. పాత సైట్‌కి ఇన్నేళ్లలో పేపర్లవాళ్లు లింకు ఇచ్చి ఉంటారు, కాలేజీ సైట్లలోనో ప్రభుత్వ సైట్లలోనో ప్రస్తావన వచ్చి ఉంటుంది, జనం దాని పేరు పెట్టి నేరుగా వెతుకుతుంటారు, రాసిన పేజీలు వందల్లో ఉంటాయి. ర్యాంకు తెచ్చేది ఇవి. ఇవి పోగవడానికి కాలం పడుతుంది కాబట్టి వయసుతో పాటు కనిపిస్తాయి, అంతే. కాలం గడిచినా ఇవేవీ పోగవకపోతే ఆ సైట్ ఎక్కడో ఐదో పేజీలో పడి ఉంటుంది, అలాంటివి లక్షల్లో ఉన్నాయి కానీ ఐదో పేజీ దాకా ఎవరూ వెళ్లరు కాబట్టి మనకు కనిపించవు.

ఇప్పుడు అమ్మేవాళ్లు ఇంకో మాట అంటారు. "వయసు సంగతి వదిలేయండి, ఆ పాత డొమైన్‌కి పాత లింకులు ఉన్నాయి కదా, అవి మీకు వస్తాయి." ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో ముప్పై ఏళ్లుగా పేరున్న అంగడి మూతపడితే, ఆ బోర్డు కొనుక్కొచ్చి దాని కింద మీరు సిమెంటు అమ్మడం మొదలుపెట్టారనుకోండి, పాత ఖాతాదారులు వస్తారు, చూస్తారు, వెళ్లిపోతారు. గూగుల్ కూడా దీన్ని అలాగే చూస్తుంది, 2024 మార్చిలో దీన్ని నేరుగా స్పామ్ నియమాల్లో చేర్చింది. గడువు తీరిన డొమైన్‌ని కొని, పాత పేరు ప్రతిష్ఠతో ర్యాంకు కొట్టేయాలని సంబంధం లేని నాసిరకం సరుకు పెడితే అది డొమైన్ దుర్వినియోగం కిందికి వస్తుంది, సైట్ కిందికి పోవచ్చు, సెర్చ్‌లోంచే తీసేయొచ్చు. కడపలో బండలు అమ్మే మనిషి ఎక్కడో మూతపడిన స్కూలు డొమైన్ కొనుక్కుని ఈ తలనొప్పి నెత్తిన పెట్టుకోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు సులువుగా వచ్చింది కాదు.

పాత డొమైన్ కొనడమే తప్పని నేననను. పేరు మీ వ్యాపారానికి అచ్చంగా సరిపోయి, రేటు అందుబాటులో ఉంటే కొనొచ్చు. కానీ ముందు దాని చరిత్ర చూడాలి. కొత్తగా తీసుకునే పేరుకి కూడా ఇదే చేయండి, మీకు కొత్తగా కనిపించే పేరు ఇంతకుముందు ఎవరో వాడి వదిలేసింది కావచ్చు.

మొదట, డొమైన్ పేర్ల వ్యవహారాలు చూసే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో డాట్ కామ్ పేరు కొట్టండి. డాట్ ఇన్ అయితే నిక్సీ నడిపే డాట్ ఇన్ రిజిస్ట్రీ సైట్‌లో చూడొచ్చు. అక్కడ పుట్టిన తేదీ, చివరిసారి మార్చిన తేదీ, గడువు తేదీ కనిపిస్తాయి. ఒక చిక్కుంది: డొమైన్ పూర్తిగా రద్దయి మళ్లీ ఎవరైనా కొంటే పుట్టిన తేదీ కొత్తగా మొదలవుతుంది. అంటే పోయిన నెల పుట్టినట్టు కనిపించే పేరుకి వెనక పదిహేనేళ్ల చరిత్ర ఉండొచ్చు, అందులో మంచీ ఉండొచ్చు, చెడ్డా ఉండొచ్చు.

అందుకే రెండో అడుగు అన్నిటికన్నా ముఖ్యం. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ అని ఒకటుంది, 2001 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. అందులో 1996 నాటి పేజీలు కూడా దొరుకుతాయి. డొమైన్ పేరు కొడితే ఏళ్లవారీగా క్యాలెండర్ వస్తుంది. ఏడాదికి రెండు మూడు తేదీలు తెరిచి చూడండి, తొందరపడొద్దు. ముందు ఏదో ట్యూషన్ సెంటర్, తర్వాత రెండేళ్లు ఖాళీ, ఆ తర్వాత ఉన్నట్టుండి చైనా అక్షరాలు, జూదం ప్రకటనలు, మందుల అమ్మకాలు కనిపించాయా, ఇక ఆ పేరు జోలికి వెళ్లొద్దు. ఎంత తక్కువకు ఇచ్చినా సరే. క్యాలెండర్ పూర్తిగా ఖాళీగా ఉంటే పెద్దగా భయపడాల్సింది లేదు.

మూడో అడుగు, గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా డొమైన్ పేరు రాయండి. సైట్ నడుస్తున్నా ఒక్క పేజీ కూడా రాకపోతే అనుమానించాలి. కొన్న తర్వాతైతే సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానుల కోసం గూగుల్ పెట్టిన పేజీ) సైట్ మీదేనని నిరూపించుకుని, మాన్యువల్ యాక్షన్స్, సెక్యూరిటీ ఇష్యూస్, రిమూవల్స్ అనే మూడు చోట్లా చూడండి. పాత యజమాని మీద వేసిన శిక్ష ఏదైనా ఉంటే మొదటిదాంట్లో కనిపిస్తుంది, అన్నీ శుభ్రం చేసి అక్కడి నుంచే పునఃపరిశీలన కోరవచ్చు.

కొత్త డొమైన్‌తో మొదలుపెట్టే మన ఎర్రగుంట్ల ఆయన మొదటి నెలల్లో ఏం చేయాలి? సైట్ మొత్తం తయారయ్యేదాకా ఆగొద్దు. రెండు పేజీలు సిద్ధమైనా పెట్టేసి, సైట్‌మ్యాప్‌ని (మీ పేజీల జాబితాని) సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వండి, గూగుల్ మిమ్మల్ని చూసిన తేదీ అక్కడి నుంచి మొదలవుతుంది. తర్వాత 'కడప బండలు' అనే పెద్ద మాట వెంట పడకుండా, కొనేవాడు నిజంగా అడిగే ప్రశ్నలకు ఒక్కో పేజీ రాయండి. వంటింటి గట్టుకి ఎంత మందం బండ కావాలి, పాలిష్‌కీ మామూలుదానికీ అడుగుకి రేటు తేడా ఎంత, బేతంచెర్ల బండకీ కడప బండకీ ఏది ఎక్కడ వాడాలి, బెంగళూరుకి లారీలో పంపితే విరిగినవాటి నష్టం ఎవరిది. ఇలాంటివి ఏ పాత సైట్‌లోనూ సరిగా ఉండవు. ఇవి మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు కూడా.

దాంతోపాటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగా పెట్టుకోండి. మ్యాప్‌లో ఎవరిని ముందు చూపించాలో తేల్చడానికి గూగుల్ చెప్పే అంశాలు మూడు: వెతికినదానికి సరిపోవడం, దూరం, ఎంత పేరుంది అన్నది. వెతికే మనిషికి మీ అంగడి దగ్గరగా ఉండి, సమీక్షలు బాగుంటే, నిన్న మొన్న కొన్న డొమైన్ అయినా అక్కడ కనిపించవచ్చు. చిన్న ఊళ్ల వ్యాపారాలకు ఫోన్లు ఎక్కువగా మ్యాప్ నుంచే వస్తాయని నా నమ్మకం.

ఇప్పటికే పాత డొమైన్ ఉన్నవాళ్లకు ఒక మాట. అనంతపురంలో చీరల అంగడి ఉన్న ఒకావిడ, పేరు పొడుగ్గా ఉంది, మార్చేద్దామా అని అడిగారు. గట్టి కారణం లేకపోతే మార్చొద్దమ్మా అన్నాను. మార్చక తప్పదనుకుంటే ప్రతి పాత పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకి వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టాలి, సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు చెప్పాలి, ఆ రీడైరెక్టుల్ని కనీసం 180 రోజులు ఉంచమని గూగుల్ చెబుతుంది, నేనైతే ఏడాదికి పైనే ఉంచమంటాను. అన్నిటినీ హోమ్ పేజీకి తోలేయడం మాత్రం వద్దు.

ఇక రెన్యూవల్. డాట్ కామ్ గడువు దాటాక రిజిస్ట్రార్‌ని (మీకు డొమైన్ అమ్మిన సంస్థని) బట్టి కొన్ని రోజులు మామూలు రేటుకే ఇస్తారు, 45 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ అనే గడువు, అప్పుడు విడిపించుకోవాలంటే జరిమానా బాగా ఎక్కువ. ఆ పైన 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, తర్వాత ఎవరికి దొరికితే వారిది. మధ్యలోనే వేలానికి పెట్టే రిజిస్ట్రార్లూ ఉన్నారు. ఏళ్లపాటు సంపాదించుకున్న లింకులు, పేరు అన్నీ అలా ఇంకొకరి చేతికి పోతాయి.

అంతకన్నా ఎక్కువగా జరిగేది ఇంకోటుంది. సైట్ చేసిచ్చిన అబ్బాయి డొమైన్‌ని తన అకౌంట్‌లో, తన ఈమెయిల్‌తో తీసుకుంటాడు. చెడు ఉద్దేశంతో కాకపోవచ్చు, తనకు అది సులువు. మూడేళ్ల తర్వాత అతను హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిపోతాడు, నంబర్ మారుతుంది, రెన్యూవల్ మెయిల్ అతనికి వెళ్తుంది. కర్నూలు, నంద్యాల వైపు ఇలా పేరు పోగొట్టుకున్న అంగళ్లవాళ్లను చూశాను, వాళ్ల విజిటింగ్ కార్డు మీదా లారీ మీదా ఇప్పటికీ ఆ పాత పేరే ఉంది. డొమైన్ మీ అకౌంట్‌లో, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తోనే ఉండాలి. సైట్ చేసేవాళ్లకు కావాల్సిన యాక్సెస్ మాత్రం ఇవ్వండి.

ఈ వారం పని: మీ సొంత డొమైన్, మీకు పోటీగా పైన కనిపిస్తున్న రెండు సైట్లు, మొత్తం మూడు పేర్లు తీసుకోండి. మూడింటి పుట్టిన తేదీలు, వేబ్యాక్‌లో మొదట కనిపించిన తేదీలు ఒక నోటుబుక్కులో పక్కపక్కనే రాయండి. ఆ రెండు సైట్లలో మీ దగ్గర లేని పేజీలు ఏమున్నాయో కూడా రాయండి. మీ డొమైన్ అకౌంట్ తెరిచి ఎవరి ఈమెయిల్ ఉందో చూడండి, ఆటో రెన్యూవల్ ఆన్ చేయండి. అకౌంట్ మీ చేతిలో లేదని తేలితే మిగతాదంతా పక్కన పెట్టి ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి.

ఏడో పాఠంలో బయటి సైట్ల నుంచి లింకులు ఎలా వస్తాయో, మన జిల్లాల్లో వాటిని న్యాయంగా ఎక్కడెక్కడ అడగవచ్చో చూద్దాం. నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి, ఆ రెండు పోటీ సైట్లతోనే మొదలుపెడతాం.