ఓడ దిగి వచ్చినవాళ్ల ఒంటి మీద పురుగు జాడ పట్టడం ఎలా?

విశాఖలో స్కిన్ క్లినిక్ పెడితే ఓడల్లో పనిచేసేవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ బీచ్‌లకు వెళ్లొచ్చిన కొత్త జంటలు తప్పకుండా వస్తారు. చాలామంది "తామర మేడమ్" అనే మొదలుపెడతారు. మందుల షాపువాళ్లు ఇచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అప్పటికే సగం ట్యూబు అయిపోయి ఉంటుంది. అందుకే నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెబుతాను: మచ్చ చూసే ముందే అడగండి. ఏ దేశం వెళ్లారు, ఎప్పుడొచ్చారు, ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచారా, బట్టలు ఎక్కడ ఆరేశారు?

పాదం మీదో పిరుదుల మీదో దారమంత సన్నగా, ఎర్రగా ఉబ్బి, వంకర్లు తిరిగిన గీత కనిపిస్తే కొస దగ్గర బాల్‌పెన్నుతో చుక్క పెట్టి మర్నాడు రమ్మనండి. గీత చుక్క దాటితే అది కుక్కల, పిల్లుల పేగుల్లో ఉండే హుక్‌వార్మ్ (కొంకిపురుగు) పిల్ల. రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి 2 సెంటీమీటర్ల దాకా పాకుతుంది. బయాప్సీ (చర్మం ముక్క కోసి చేసే పరీక్ష) వద్దు. పురుగు గీత కంటే ముందుంటుంది కాబట్టి కోసినా దొరకదు. కుక్కలు తిరిగే మన బీచ్ ఇసుకలోనూ అంటుకోవచ్చు, విదేశం వెళ్లలేదన్నారని కొట్టిపారేయకండి.

అదే గీత గంటలోనే 5 సెంటీమీటర్లకు పైగా పరిగెడితే అది స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు పిల్ల. దశాబ్దాలపాటు ఒంట్లో దాగి ఉండగలదు. ఉబ్బసానికనో, కీళ్లనొప్పులకనో స్టెరాయిడ్ మాత్రలు పడితే విజృంభించి ప్రాణం తీస్తుంది. ముందు రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించండి, మల పరీక్ష ఒక్కసారితో వదలకండి. నిద్రలో లేపి అడిగినా ఈ మాట గుర్తుండాలి.

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు సెగ్గడ్డ చూపించి, లోపలేదో కదులుతోందంటే నమ్మండి. టుంబు ఈగ ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఇస్త్రీ లేకుండా వేసుకుంటే పిల్ల చర్మంలో దూరుతుంది. గడ్డ మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. వాజిలిన్ దట్టంగా రాసి ఆగితే గాలాడక పురుగు పైకొస్తుంది.

సౌదీ, ఇరాక్ వైపు నుంచి వచ్చినవాళ్లకు నొప్పిలేని, అంచులు లేచిన పుండు నెలల తరబడి మానకపోతే లీష్మేనియాను (ఇసుక ఈగ కుడితే అంటే పరాన్నజీవి) తలచుకోండి. శాంపిల్ పుండు మధ్య నుంచి కాదు, అంచు నుంచి గీకి తీసి మైక్రోస్కోపులో పరాన్నజీవి కనబడేలా గీమ్సా స్టెయిన్ అనే రంగు వేయించండి. కనబడకపోతే దాని డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష.

రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంట్లో ఇంకొకరికీ అదే బాధ ఉంటే ముందు గజ్జి అనుకోండి. తేలితే ఇంటిల్లిపాదికీ ఒకే రోజు మందు రాయించండి.