అట్లాంటాలో మొదటి నెల: ఏది ముందు, ఏది తర్వాత

లీజు మీద సంతకం పెట్టేముందు ఆఫీసు దారి చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్, కమింగ్ ఊరికి ఉత్తరాన, పెరిమీటర్ అని పిలిచే ఐ-285 రింగు రోడ్డుకు అవతల ఉంటాయి. ఎయిర్‌పోర్టులో ఎక్కిన మార్టా (ఇక్కడి మెట్రో) రైలు ఇటువైపు నార్త్ స్ప్రింగ్స్‌తో ఆగిపోతుంది. అందుకే మంగళవారమో బుధవారమో ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం ఐదున్నరకి మ్యాప్ తెరిచి ఎంతసేపు పడుతుందో చూడండి. ఆదివారం చూసిన లెక్క పనికిరాదు. అడ్రసులో పీచ్‌ట్రీ అని కనపడితే పూర్తి పేరు, జిప్ కోడ్ సరిచూసుకోవాలి. పీచ్‌ట్రీ స్ట్రీట్ వేరు, వెస్ట్ పీచ్‌ట్రీ వేరు, పీచ్‌ట్రీ ఇండస్ట్రియల్ మరీ వేరు.

తర్వాత డ్రైవింగు లైసెన్సు. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలో స్థిరపడిన 30 రోజుల్లో తీసుకోవాలి. మన దేశపు లైసెన్సు ఉన్నా రాతపరీక్ష, రోడ్డు పరీక్ష తప్పవు. రాతపరీక్షలో రోడ్డు నియమాల మీద 20, రోడ్డు గుర్తుల మీద 20 ప్రశ్నలుంటాయి, ఒక్కోదాంట్లో 15 ఒప్పు కావాలి. చాలామందికి పని ఆగేది పరీక్ష దగ్గర కాదు, పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా పొడుగ్గా ఉంటుంది, లీజులోనేమో పిలుపు పేరు. దిగిన రోజే ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఉండే అధికారిక రికార్డు) తీసి పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. లీజు, బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు అన్నీ పాస్‌పోర్టు పేరుతోనే రాయించండి. చిరునామాకు రెండు రుజువులు అడుగుతారు. రోడ్డు పరీక్షకు ఇన్సూరెన్సు ఉన్న కారు మీరే తెచ్చుకోవాలి.

హైవే మీద 85 మైళ్లు, రెండు లేన్ల రోడ్డు మీద 75 మైళ్లు, లేదా ఆపైన పట్టుబడితే మామూలు జరిమానా కాక సూపర్ స్పీడర్ అనే చట్టం కింద ఇంకో 200 డాలర్లు పడతాయి. డ్రైవింగులో ఫోను చేత్తో పట్టుకోవడం 2018 నుంచి నేరం.

హోటల్లో టీ అంటే ఐసు వేసిన తియ్యటి చల్ల టీ వస్తుంది, వేడిది కావాలంటే హాట్ టీ అని అడగాలి. రోడ్డు పక్కన బాయిల్డ్ పీనట్స్ బోర్డు కనిపిస్తే ఆగండి. ఉప్పు నీళ్లలో ఉడికిన వేరుశనక్కాయలే, తొక్క నొక్కితే రసం చిమ్ముతుంది.

మార్చి చివర్లో పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు కారంతా కప్పేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి, ముందు నీళ్లు కొట్టాలి. ఆ రోజుల్లో కిటికీలు మూసి ఉంచండి, ఏసీ ఫిల్టరు మార్చండి.

వసంతంలో సుడిగాలులూ వస్తాయి. టోర్నడో వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే కళ్లకో రాడార్‌లోనో కనపడిందని. వార్నింగ్ వినపడగానే అన్నిటికంటే కింది అంతస్తులో, కిటికీల్లేని లోపలి గదిలోకి వెళ్లాలి. మూడో అంతస్తులో అద్దెకుంటే కింది ఇంటివాళ్లతో ఈ సంగతి ముందే మాట్లాడి పెట్టుకోండి.