ఆగిపోయిన ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ను మళ్లీ నడిపించడం: నా అనుభవం

విశాఖలోని ఒక స్థానిక వార్తల సైటు బాగానే తెరుచుకుంటోంది, కానీ దాని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త వార్తల జాబితా ఉండే ఫైలు) నుంచి రీడర్లకు, అంటే ఫీడ్‌లను చదివి చూపించే యాప్‌లకు, కొత్త వార్తలు రావడం ఆగిపోయింది. ఇలాంటప్పుడు యాప్‌ను అనుమానించే ముందు ఫీడ్ చిరునామాను డబ్ల్యూ3సీ ఫీడ్ వాలిడేటర్ అనే తప్పులు వెతికే వెబ్‌ పేజీలో వేయండి. తప్పు ఏ వరుసలో ఉందో అదే చూపిస్తుంది.

ఇక్కడ అది పట్టించింది ఒక శీర్షికని: ‘ఆర్కే బీచ్ & కైలాసగిరి: ట్రాఫిక్ మళ్లింపు’. ఫీడ్‌ను రాసే ఎక్స్‌ఎంఎల్ భాషలో & గుర్తు ఒంటరిగా ఉండకూడదు. దాని వెంటనే ఏ, ఎం, పీ అనే చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, ఆపైన సెమీకోలన్ రావాలి. ఇది లేకపోతే చాలా రీడర్లు ఆ ఒక్క వార్తను కాదు, ఫీడ్ మొత్తాన్నీ వదిలేస్తాయి. శీర్షికను చేత్తో దిద్దితే రేపు ఇంకో శీర్షికతో మళ్లీ ఇదే గొడవ. అందుకే ఫీడ్ తయారుచేసే టెంప్లేట్‌లోనే ఎస్కేప్ ఫంక్షన్ (ఇలాంటి గుర్తులను తనే సరైన రూపంలోకి మార్చే కోడ్) పెట్టాను.

తేదీ దగ్గర మరో తిరకాసు ఉంది. ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో నెల పేరు ఇంగ్లిష్ పొట్టి రూపంలోనే (Jan, Feb లాగా) ఉండాలి, తెలుగులో రాస్తే చెల్లదు. సమయం చివర ఐఎస్‌టీ అని కాకుండా +0530 అని వేయాలి. మన టైమ్‌కి జీఎంటీ తగిలిస్తే వార్త అయిదున్నర గంటలు ముందుకు జరిగిపోతుంది. భవిష్యత్తు తేదీ ఉన్నవాటిని కొన్ని రీడర్లు దాచేస్తాయి కూడా.

జీయూఐడీ (ఫీడ్‌లో ఒక్కో వార్తకు ఉండే ప్రత్యేక గుర్తింపు) మాత్రం ముట్టుకోవద్దు. అది మారితే పాత వార్తలన్నీ కొత్తవిగా మళ్లీ వచ్చిపడతాయి.

అన్నీ సరిచేశాక సర్వర్ క్యాష్ (సర్వర్ దాచిపెట్టుకున్న పాత కాపీలు) ఖాళీ చేయండి, లేదంటే పాత ఫైలే వెళ్తూ ఉంటుంది.