పాత మారుతి 800: పార్టు కొనేముందు మీటరు పెట్టండి

పాత కారు మీద ఎక్కువ డబ్బు ఊహల వల్లే పోతుంది. స్టార్ట్ కాలేదంటే బ్యాటరీ మారుస్తాం. అయినా లేవకపోతే ఇంజిన్‌ను తిప్పి లేపే సెల్ఫ్ మోటారు మారుస్తాం. చివరికి తప్పు ఎక్కడో తుప్పు పట్టిన ఒక వైరు చివర దొరుకుతుంది. అప్పటికి నాలుగైదు వేలు అయిపోయి ఉంటాయి.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నాన్న వాడిన 2005 మోడల్ మారుతి 800 ఇప్పుడు నా చేతిలో ఉంది. జీతంలోంచి దానికి నెలకు రెండు వేలు తీయగలను, మరీ లాగితే మూడు వేలు. అంతలోనే బండిని రోడ్డు మీద ఉంచుతున్నాను. దానికోసం ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో బండికి ఏమైందో రాస్తాను, కుడి పేజీలో ఏం కొలిచానో రాస్తాను. కుడి పేజీ ఖాళీగా ఉన్నంతవరకు స్పేర్ పార్టుల షాపు మెట్లెక్కను.

ముందు అసలు ఈ బండి మీద డబ్బు పెట్టొచ్చా లేదా అన్నది తేల్చుకోవాలి. రెండు విషయాలు చూస్తే చాలు. మొదటిది కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఈ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ.10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఖర్చు వేరే. ఆర్‌సీ మీద తేదీ చూసి, ఈ డబ్బు ముందే పక్కన పెట్టి, మిగిలిందే రిపేర్ల బడ్జెట్ అనుకోవాలి.

రెండోది తుప్పు. మ్యాట్లు, కింద ఉన్న కార్పెట్ ఎత్తి, కాళ్లు పెట్టే చోట రేకును స్క్రూడ్రైవర్ పిడితో గట్టిగా తట్టండి. ఖంగుమంటే మంచి రేకు. డబడబమంటే స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. లోపలికి దిగితే అక్కడ రేకు లేదు, పెయింటే ఉంది. తలుపుల కింద ఉండే పొడవాటి బాక్సు లాంటి భాగం, బ్యాటరీ కింద ట్రే, వెనక చక్రాల పైభాగం కూడా ఇలాగే చూడాలి. ఇంజిన్ ఎంత పాడైనా బాగు చేసుకోవచ్చు. 800 ఆగిపోయింది 2014లోనే అయినా, అదే 796 సీసీ ఇంజిన్ ఓమ్నీలో 2019 వరకు వచ్చింది, సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. బాడీ అడుగు మొత్తం కరిగిపోయి ఉంటే మాత్రం ఆ బండి మీద ఒక్క రూపాయి పెట్టకండి. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, కానీ అందులో మీ పిల్లలు కూర్చుంటారు.

పనిముట్లకు పెద్ద సెట్టు అక్కర్లేదు. ఇది జపాన్ డిజైన్ బండి, చాలా బోల్టులు 10, 12, 14, 17 సైజులవే. ఆ నాలుగు సైజుల్లో మంచి కంపెనీ రింగ్ పానాలు, బాక్స్ పానాలు, ఒక ప్లగ్ స్పానర్, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక వైర్ బ్రష్ చాలు. నాసిరకం పానా బోల్టు తల అరగదీస్తుంది, తర్వాత ఆ ఒక్క బోల్టు తీయడానికి వెల్డింగ్ షాపుకు పోవాలి. వీటితో పాటు కొనాల్సినవి ఇంకో రెండు: వోల్టులు కొలిచే ఒక డిజిటల్ మల్టీమీటర్, ఎత్తిన బండిని మోసే రెండు జాకీ స్టాండ్లు. మీటరు మూడు వందల్లో వస్తుంది. స్టాండ్లు లేకుండా బండి కిందకు దూరకండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు పేర్చి పని కానిచ్చేవాళ్లను చూస్తుంటాను. ఇటుక ముందుగా చెప్పి పగలదు.

ఇక అందరికీ వచ్చే స్టార్టింగ్ ట్రబుల్. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అనవసరంగా బ్యాటరీలు మార్చేది ఇక్కడే.

ఉదయం బండి ముట్టుకోకముందే మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ రెండు ధ్రువాల మీద ఆనించండి. 12.6 ఉంటే ఫుల్ చార్జి. 12.2 అంటే సగమే ఉంది. 12 కంటే తక్కువ ఉంటే ముందు చార్జింగ్ పెట్టించాలి, అంతవరకు మిగతా పరీక్షలు చేసి లాభం లేదు. చార్జి బాగుంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. ఆ రెండు మూడు సెకన్లలో బ్యాటరీ దగ్గర అంకె పదికి కాస్త అటూ ఇటూగా నిలవాలి. తొమ్మిదిన్నర కంటే కిందకు జారిపోతే బ్యాటరీ ముసలిదైందని అనుమానించొచ్చు. అంకె పది పైనే ఉండి కూడా ఇంజిన్ నీరసంగా తిరుగుతోందంటే చాలావరకు బ్యాటరీ తప్పు కాదు. కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది, లేదా సెల్ఫ్ మోటారే బలహీనంగా ఉంది.

ఎక్కడ ఆగుతోందో కూడా అదే మీటరు చెబుతుంది. మీటరు నల్ల ప్రోబ్‌ను, అంటే వైరు చివరి సూదిని, బ్యాటరీ మైనస్ ధ్రువం మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసపు ముద్ద మీదే. ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుము మీద నొక్కిపట్టి, మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే తక్కువ వస్తే ఎర్తింగ్, అంటే కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారి, బాగున్నట్టే. ఒక వోల్టో, ఒకటిన్నరో వచ్చిందంటే సెల్ఫ్ మోటారుకు అందాల్సిన బలాన్ని మధ్యలో ఎర్త్ వైరే తినేస్తోంది. తర్వాత ప్లస్ వైపు కూడా ఇలాగే చూడాలి: ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ ధ్రువం మీద, నల్లది సెల్ఫ్ మోటారుకు వచ్చే లావు కేబుల్ బోల్టు మీద. ఇక్కడా అర వోల్టే హద్దు. రెండు వైపులా బాగున్నాకే సెల్ఫ్ మోటారు విప్పి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పట్టుకెళ్లండి. కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటే అవి మారిస్తే సరిపోతుంది, కొత్త మోటారు అక్కర్లేదు.

నా బండిలో బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్లే వైరు చివర, బోల్టు కింద ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంది. పైకి అంతా బిగుతుగానే కనిపించింది. విప్పి, వైరు చివరను, దాని కింది రేకును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలీన్ రాస్తే మర్నాటి నుంచి ఒక్క సెల్ఫ్‌కే లేచింది. ఖర్చు ఎంతో నోటుబుక్కులో రాయడానికి ఏమీ లేదు. ధ్రువాల మీద తెల్లపొడి ఉంటే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడగండి, ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలిన క్షణంలో నిప్పులు లేస్తాయి.

బండి స్టార్ట్ అయ్యాక మళ్లీ బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే, బండి నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ పని చేస్తోంది. 13 లోపే ఉంటే ముందు బెల్టు వదులుగా ఉందేమో చూసి, తర్వాతే ఆల్టర్నేటర్ సంగతి.

వేడెక్కడం మన ఎండల్లో ఇంకో పెద్ద టెన్షన్. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి, ఇందులో తొందరపడితే మొహం కాలుతుంది. ముందు ఆ మూత లోపలి రబ్బరు చూడండి. అది గట్టిపడి చిట్లితే రేడియేటర్లో ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి. కొత్త మూత చవక. తర్వాత ఫ్యాన్. దాని ప్లగ్ తీసి, మధ్యలో ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటివ్వండి, చేతులు దూరంగా పెట్టుకుని. ఫ్యాన్ తిరిగితే మోటారు మంచిదే, తప్పు వేడిని పసిగట్టే స్విచ్‌లోనో, సెన్సర్‌లోనో, రిలేలోనో, ఫ్యూజులోనో ఉంది. తిరగకపోతేనే ఫ్యాన్ మోటారు కొనండి.

ఒక విషయంలో మెకానిక్‌లతో నేను ఒప్పుకోను. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకమ్మా, తీసేద్దాం" అంటారు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు అది. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడం ఆలస్యమవుతుంది, కంప్యూటరు లెక్కతో పెట్రోలు పోసే ఎంపీఎఫ్ఐ బండి చల్లగా ఉన్నాననుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయిందని మళ్లీ మనమే తల పట్టుకోవాలి. పాడైతే కొత్తది వేయించండి, తీసి పక్కన పడేయకండి. అలాగే బోరు నీళ్లు పోయకండి. డెల్టాలో చాలాచోట్ల అవి ఉప్పగా ఉంటాయి, రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోస్తే ఏళ్ల తరబడి నిశ్చింత.

ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల పాలు ఎక్కువైన టీ రంగులో నురగ ఉందా? సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా? కూలెంట్ కారకుండానే తగ్గిపోతోందా? అయితే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు, పోయిందని అనుమానించాలి. బండిని అక్కడే ఆపేయండి. అలాగే నడిపితే హెడ్ వంకరపోతుంది, అప్పుడు లేత్ పని కూడా తోడవుతుంది.

బ్రేకుల్లో నేను చేసేది చూడటం, ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం. లైనింగ్ 3 ఎంఎంకు దిగితే ఆగకుండా మార్చేస్తాను. వెనక డ్రమ్ విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు అంచు కొద్దిగా ఎత్తి చూడండి, తడి ఉంటే లీకు మొదలైంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్పించాలి. సీసా మూత తీసి వదిలేసిన పాత ఆయిల్ వాడకండి. పెయింటు మీద పడితే లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోయండి. బ్రేక్ పైపుల్లో గాలి తీయడం, మాస్టర్ సిలిండర్ మార్చడం లాంటివి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పనులు. వీడియో చూసి ఒంటరిగా మొదలుపెట్టేవి కావు.

సామాన్ల షాపులో మొదట వినిపించే ప్రశ్న, "ఒరిజినల్ ఇవ్వమంటారా అమ్మా, లోకల్ ఇవ్వమంటారా?" దీనికి జవాబు ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లండి. ప్యాడ్లు, ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు, క్లచ్, పెట్రోల్ పంపు ఒరిజినలే. బీడింగులు, అద్దాలు, డోర్ హ్యాండిళ్లు, మ్యాట్లు లోకల్ అయినా నష్టం లేదు. తలుపు, బంపరు, హెడ్‌లైటు, అద్దం ఎత్తే మెషీను లాంటివి విజయవాడ ఆటోనగర్లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో సెకండ్ హ్యాండ్‌లో వెతకొచ్చు. పాత పార్టు చేతిలో పట్టుకుని వెళితేనే సరిగ్గా జోడీ దొరుకుతుంది. రబ్బరుతో చేసిందేదీ సెకండ్ హ్యాండ్ కొనకండి, ముఖ్యంగా టైర్లు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చై ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఆ వయసు టైరు ఎండలో గట్టిపడిపోయి ఉంటుంది.

తుప్పుకు మూలం నీళ్లు నిలవడం. తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి, మట్టితో పూడుకుపోతే వాన నీళ్లు లోపలే ఉండిపోతాయి. వానలకు ముందు ఒక పుల్లతో ఆ మట్టిని తీసేయండి, పైసా ఖర్చు లేదు. పైపై తుప్పును వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో మెరిసే రేకు వచ్చేదాకా రుద్ది, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయండి. రేకు తెల్లారేదాకా అలాగే ఉంటే గాలి తేమకు మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లు పడితే వెల్డింగే దారి, ఎం-సీల్ పూసి పైన పెయింటు కొట్టి మోసపోవద్దు. కానీ సీట్లు, కార్పెట్ మీరే విప్పి, తుప్పు గీకి, బ్యాటరీ వైర్లు తీసేసి బండిని టింకరింగ్ షెడ్డుకు ఇస్తే, అతను వెల్డింగ్ వరకే కూలి తీసుకుంటాడు. మా ఊళ్లో కూలిలో సగం దాకా ఈ విప్పడం, బిగించడంలోనే పోతుంది.

టైమింగ్ బెల్టు, క్లచ్, స్టీరింగ్ రాక్, హెడ్ పనులు నేను మెకానిక్‌కే ఇస్తాను. పార్టులు నేనే కొని తెస్తాను, కూలి ముందే మాట్లాడుకుంటాను, తీసిన పాత పార్టు నాకే ఇవ్వమంటాను. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు, పైగా అరిగిన చోటు వేలు పెట్టి చూపిస్తాడు. బండి కొత్తగా మీ చేతికి వచ్చి, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియకపోతే, అన్నిటికంటే ముందు అదే మార్పించండి. మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి.